కాగితం కంటే ముందు మనిషి

(సునాబెడలో తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసానికి ముద్రణ పాఠం)



ఒక మాస్టారి పేరు మీద జరిగే ఈ ఉపన్యాసానికి బడిపిల్లల మానసిక ఆరోగ్య పరీక్షల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఉత్తరంలో ఒక ప్రతిపాదన కూడా రాశారు. ఈ ఊళ్లోనూ చుట్టుపక్కలా ఉన్న బడుల్లో ఏడాదికొకసారి పిల్లలందరి చేతా ఒక ప్రశ్నాపత్రం నింపిద్దాం, దిగులుతోనో భయంతోనో లోలోపల నలిగిపోతున్నవాళ్లను ముందుగానే గుర్తిద్దాం, ఇందుకు మీరు సాయం చేస్తారా అని. పిల్లల మనోవైద్యుడిగా నా జవాబు మొదటే చెప్పేస్తాను. చేద్దాం. కానీ మీరు అనుకుంటున్న వరసలో వద్దు. ముందు మనిషిని పెట్టండి, కాగితం తర్వాత పంచుదాం. ఆ వరస మారితే పిల్లలకు జరిగే మేలు కంటే కీడే ఎక్కువని నేను నమ్ముతున్నాను. ఎందుకు నమ్ముతున్నానో చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ కొండలు మద్రాసు రాష్ట్రంలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. జయపురానికీ రాయగడకీ గుణుపురానికీ వ్యాపారం మీదా కొలువుల మీదా వచ్చిన తెలుగు కుటుంబాలు అంతకు ఎన్నో తరాల ముందువి. సునాబెడ కథ వేరు. 1964లో మిగ్ విమానాల ఇంజన్ ఫ్యాక్టరీ వచ్చాక, ఆ ఫ్యాక్టరీ కోసం కట్టిన ఊరిది. మీలో చాలామంది నాన్నలో తాతలో ఆ రోజుల్లో రేకు పెట్టెతో కొండెక్కినవాళ్లే. ఆ తర్వాత దామన్‌జోడిలో నాల్కో వచ్చింది, 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది, 2017లో కొరాపుట్‌లో వైద్య కళాశాల వచ్చింది. ఇవన్నీ ఎందుకు గుర్తుచేస్తున్నానంటే, ఇక్కడి పిల్లలందరినీ ఒకే మూసలో చూడలేం.

కాలనీ క్వార్టర్లలో పెరిగే పిల్లలున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో హిందీ, ఇంగ్లిషు. వాళ్ల బరువు మార్కులది, నాన్న ఉద్యోగంతో పోల్చుకోవడానిది. గేటు బయట కాంట్రాక్టు కూలీల పిల్లలున్నారు. వాళ్ల నాన్న పని ఆ నెల ఉంటుందో లేదో తెలియదు, బడి మధ్యలో మారిపోతుంది. ఇక మూడో రకం పిల్లలు పొట్టంగి, నందపూర్, లక్ష్మీపూర్, నారాయణపట్నం వైపు కొండల నుంచి వచ్చి, ఆరో ఏటనే అమ్మను వదిలి ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో పడుకునేవాళ్లు. ఒడిశాలో ఎస్టీ, ఎస్సీ అభివృద్ధి శాఖ నడిపే బడులు 1,700కు పైగా ఉన్నాయి, అందులో చాలావరకు హాస్టళ్లతో ఉన్నవే. మీ ఉత్తరంలో 'మన పిల్లలు' అన్నారు. మన తెలుగు పిల్లలు అన్న అర్థంలో అయితే నేను ఒప్పుకోను. ఒకే కొండ మీద ఒకే వాన పడుతుంటే గొడుగు మన ఇంటి పిల్లవాడికే పట్టలేం కదా.

ఇప్పటికే ప్రభుత్వం చేస్తున్నదేమిటో చూద్దాం, లేనిది ఉందనుకోకూడదు, ఉన్నది లేదనీ అనకూడదు. 2013 ఫిబ్రవరిలో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆయుష్ డాక్టర్లు, ఏఎన్ఎం, ఫార్మసిస్టు ఉన్న బృందం వ్యానులో ఏడాదికొకసారి ప్రభుత్వ బడికి వస్తుంది. కన్ను, చెవి, పళ్లు, చర్మం, రక్తహీనత చూస్తుంది. నేర్చుకోవడంలో వెనకబాటు, కుదురు లేకపోవడం కూడా జాబితాలో ఉన్నాయి. కాస్త పెద్ద పిల్లలను దిగులుగా ఉంటున్నావా అని అడగాలని కూడా ఉంది. కానీ వెనక వరసలో స్నేహితురాళ్లు నిలబడి వింటుండగా, మళ్లీ ఏడాది దాకా కనబడని డాక్టరమ్మ అడిగితే పదమూడేళ్ల అమ్మాయి ఏమంటుంది? లేదు అంటుంది. బృందం 'లేదు' అని రాసుకుని తర్వాతి బడికి పోతుంది. తప్పు బృందానిది కాదు. కంటికి చార్టు గోడకు తగిలిస్తే చాలు, మనసు సంగతి అలా ఒక్క పూటలో తేలదు.

2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద బడి ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి ఆరోగ్య రాయబారులుగా పెట్టాలన్నారు. వాళ్లు చెప్పాల్సిన పదకొండు అంశాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. అదే ఏడాది జూలైలో విద్యార్థులకు మానసిక ఆసరాగా మనోదర్పణ్, 2022 అక్టోబరు 10న ఫోన్ సేవగా టెలీ మానస్ మొదలయ్యాయి. 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు, ఒడియాలో మాట్లాడవచ్చు, పైసా ఖర్చు లేదు. మంచి సేవ, ఆ నంబరు ఇక్కడున్న ప్రతి ఒక్కరూ ఫోన్లో రాసిపెట్టుకోవాలి. అయితే హాస్టల్ పిల్లలకు ఫోనుండదు. వార్డెన్ ఫోను అడిగి, వార్డెన్ ముందే నిలబడి, వార్డెన్ గురించి చెప్పాల్సి వస్తే ఏ పిల్లవాడు చెబుతాడు?

ఇప్పుడు లెక్కల దగ్గరికి వస్తాను. బెంగళూరు నిమ్హాన్స్ 2015–16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13–17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. ఆ సర్వే పన్నెండు రాష్ట్రాల్లో జరిగింది. పక్కనున్న ఛత్తీస్‌గఢ్ అందులో ఉంది. ఒడిశా లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. కాబట్టి కొరాపుట్ కొండల్లో అంకె ఇంతేనని నేను అనను, లెక్క వేసి చూపడానికి దాన్ని తీసుకుంటున్నానంతే.

వెయ్యిమంది పిల్లలనుకోండి. ఆ లెక్కన సమస్య నిజంగా ఉన్నవాళ్లు 73 మంది. మన ప్రశ్నాపత్రం చాలా మంచిదనుకుందాం: సమస్య ఉన్న నూరుమందిలో 80 మందిని పట్టుకుంటుంది, లేని నూరుమందిలో 80 మందిని సరిగ్గా వదిలేస్తుంది. అప్పుడు 73 మందిలో 58 మంది దొరుకుతారు. పదిహేనుమంది జారిపోతారు, పైగా 'పరీక్షలో బాగానే ఉన్నాడు' అన్న ముద్రతో జారిపోతారు. మరి సమస్య లేని 927 మంది సంగతి? వాళ్లలో 185 మంది మీద కూడా ప్రశ్నాపత్రం వేలు పెడుతుంది. అంటే మొత్తం 243 పేర్లు మన చేతికి వస్తాయి, అందులో నిజమైనవి నాలుగో వంతు కూడా కావు. ఎవరు ఆ 58 మందో, ఎవరు ఆ 185 మందో కాగితం చెప్పదు. ఒక్కొక్కరితో విడిగా, తలుపు వేసుకుని, కనీసం ముప్పావుగంట కూర్చుని మాట్లాడే మనిషే చెప్పాలి. 243 మందికి ఎన్ని గంటలు? ఎవరు కూర్చుంటారు? దేశంలో లక్ష జనాభాకు ఒక్క మనోవైద్యుడు కూడా లేడు. ఉన్నవాళ్లలో పిల్లల వైద్యం నేర్చినవాళ్లు మరీ తక్కువ.

ఆ 243 పేర్లు ఒక రిజిస్టరులో హెడ్‌మాస్టారి బల్ల మీద పడి ఉన్నాయనుకోండి. వారం తిరిగేసరికి స్టాఫ్‌రూములో తెలుస్తుంది, రెండో వారానికి పిల్లలకు తెలుస్తుంది. ఎవరూ పిలిచి మాట్లాడరు, కానీ ముద్ర మాత్రం పడిపోతుంది. నిజంగా బాధలో ఉండి, ధైర్యం చేసి నిజం రాసిన పిల్లకు ఏం అర్థమవుతుంది? చెప్పాను, ఎవరూ రాలేదు అని. మళ్లీ ఆ పిల్ల చెప్పదు. ఎవరితోనూ చెప్పదు.

ఇది నా ఒక్కడి భయం కాదు. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు ఒక పుస్తకం రాశారు. ఆరోగ్యంగా కనబడే జనాన్ని జబ్బు కోసం వెతికి పరీక్షించడం ఎప్పుడు సబబు అన్నది దాని విషయం. వాళ్లు పెట్టిన పది షరతుల్లో నాకు ముఖ్యమైనది ఒకటి: రోగం నిర్ధారించడానికీ వైద్యం చేయడానికీ ఏర్పాట్లు అందుబాటులో ఉండాలి. ఇక్కడ ముందు వరసల్లో ఇంజన్ డివిజన్‌లో పనిచేసి రిటైరైనవారు కూర్చున్నారు, మీకు నేను చెప్పక్కర్లేదు. టెస్ట్ బెడ్ మీద ఇంజన్ లోపం చూపిస్తే దాన్ని విప్పి సరిచేసే షాపు ఉంటుంది. ఆ షాపు లేకుండా టెస్ట్ బెడ్ మాత్రం కట్టమని ఫ్యాక్టరీలో ఎవరూ అడగరు. పిల్లల విషయంలో ఎందుకు అడుగుతాం?

మరి అసలు వెతకనే వద్దా అంటే, అదీ నా మాట కాదు. మానసిక సమస్యల్లో దాదాపు మూడో వంతు పద్నాలుగేళ్ల లోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమెరికాలో నివారణ వైద్యంపై సిఫార్సులు చేసే నిపుణుల బృందం 2022లో 12–18 ఏళ్ల పిల్లలను డిప్రెషన్ కోసం, 8–18 ఏళ్ల పిల్లలను ఆందోళన కోసం పరీక్షించడం మంచిదంది. పన్నెండేళ్ల లోపు పిల్లల్లో డిప్రెషన్ కోసం వెతకడానికి తగిన ఆధారాలు లేవని కూడా అదే బృందం చెప్పింది. అదంతా ఇంటి డాక్టరు గదిలో జరిగే పరీక్ష గురించి అన్న సంగతి మరవకండి. అడిగిన డాక్టరే మర్నాడు కూడా అక్కడ ఉంటారు. మనకు కావలసింది సరిగ్గా అదే.

మన దేశం నుంచే ఒక మంచి ఉదాహరణ ఉంది. కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ రోజు నేను చెప్పేదానికి ఇదే వెన్నెముక. బీహారులో నలందా జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సెహర్ అనే ప్రయోగం జరిగింది. ఫలితాలు 2018లో లాన్సెట్‌లో వచ్చాయి. బడులను మూడు భాగాలు చేశారు. ఒక భాగంలో మామూలుగా జరిగే కౌమార విద్య ఒక్కటే. రెండో భాగంలో దానికి తోడు ఒక కార్యక్రమాన్ని ఆ బడి ఉపాధ్యాయుడే నడిపాడు. మూడో భాగంలో అదే కార్యక్రమాన్ని విడిగా నియమించిన ఒక మనిషి నడిపారు. ఆ మనిషి డాక్టరు కాదు, సైకాలజిస్టు కాదు. శిక్షణ ఇచ్చి పంపిన మామూలు చదువరి.

కార్యక్రమంలో ఏముంది? ప్రార్థన సభలో మాట్లాడటం. గోడ పత్రిక. పిల్లలు పేరు రాయకుండా తమ కష్టం రాసి వేసే పెట్టె. బడిలో దెబ్బలూ ఏడిపింపులూ ఉండకూడదన్న నియమాలు పిల్లలతో కలిసి రాయడం. కావలసిన పిల్లలతో విడిగా కూర్చుని మాట్లాడటం. విద్యా సంవత్సరం ముగిసేసరికి, విడి మనిషి ఉన్న బడుల్లో వాతావరణం మెరుగైంది, పిల్లల్లో డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి, ఏడిపింపులు తగ్గాయి, హింస తగ్గింది. ఉపాధ్యాయుడు నడిపిన బడుల్లో? చెప్పుకోదగ్గ మార్పేమీ కనబడలేదు. కాగితాలు ఒకటే, పాఠాలు ఒకటే, పెట్టె ఒకటే. నడిపిన మనిషి వేరు.

ఉపాధ్యాయులను తక్కువ చేస్తున్నానని దయచేసి అనుకోవద్దు, ఈ సభ జరుగుతున్నదే ఒక మాస్టారి పేరు మీద. పాఠాలు, పరీక్షలు, మధ్యాహ్న భోజనం, జనగణన, ఎన్నికల పని, ఆధార్ నమోదు, ఇన్ని మోసే మనిషి మీద ఇంకో బరువు పెడితే అది కింద పడుతుంది. దానికి మించిన కారణం ఇంకోటి ఉంది. మార్కులు వేసే చెయ్యి, హాజరు వేసే చెయ్యి, అప్పుడప్పుడు చెంప మీద పడే చెయ్యి కూడా ఆయనదే. చట్టం 2009 నుంచీ కొట్టకూడదంటోంది, అయినా పడుతూనే ఉంది. ఆ చేతికి పిల్లవాడు తన మనసు ఇవ్వడు. ఉపాధ్యాయుడు చేయగలిగిన గొప్ప పని ఒకటుంది, గమనించడం. అక్కడ కూడా ఒక జాగ్రత్త కావాలి. అల్లరి చేసే మగపిల్లవాడిని ప్రతి మాస్టారూ గమనిస్తారు. చివరి బెంచీలో తలవంచుకుని, హోంవర్కు మొత్తం చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికిపోయే ఆడపిల్లను 'బుద్ధిమంతురాలు' అంటారు. నా దగ్గరికి ఆలస్యంగా వచ్చే పిల్లల్లో ఈ బుద్ధిమంతులే ఎక్కువ.

ఇక భాష. మన తెలుగువాళ్లకు ఈ ప్రాంతంలోనే ఒక పెద్ద గురువు ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్న రోజుల్లో సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం మనందరికీ తెలుసు, దానికంటే ముందు ఆయన సవర పిల్లల పక్కన కూర్చున్న సంగతి తక్కువమందికి తెలుసు. గుణుపురం పరిసరాల్లో ఆ పిల్లల మునిమనవలు ఇప్పుడు హాస్టళ్లలో చదువుతున్నారు. 2006–07లో ఒడిశా ప్రభుత్వం సవర, కువి, కుయి, కోయ, బొండా లాంటి పది భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టింది. అంకెలకూ అక్షరాలకూ అమ్మ భాష కావాలని ఒప్పుకున్నాక, బాధ చెప్పుకోవడానికి అక్కర్లేదని ఎలా అంటాం?

ప్రపంచమంతా వాడే ఒక ప్రశ్నాపత్రం ఉంది, 1997లో రాబర్ట్ గుడ్‌మన్ అనే బ్రిటిష్ మనోవైద్యుడు తయారుచేసింది. ఇరవై అయిదు వాక్యాలు. చక్కటి పనిముట్టు, నేనూ వాడతాను. అందులో పిల్లవాడు కదలకుండా కూర్చోగలడా అన్న సంగతి ఒకటి వస్తుంది. నిన్నటిదాకా పోడుచేలల్లో, వాగుల వెంట తిరిగిన ఆరేడేళ్ల కొంద్ పిల్లవాణ్ని తనకు తెలియని భాషలో పాఠం చెప్పే గదిలో కూర్చోబెట్టి, కుదురు లేదు అని టిక్కు పెడితే ఆ టిక్కు ఎవరి గురించి చెబుతున్నట్టు? అందుకే ఏ పత్రమైనా ఇక్కడి జనం మాట్లాడే దేశియాలోనూ కువిలోనూ నోటితో అడిగి చూడాలి. ముందు కొద్దిమంది పిల్లల దగ్గర, అమ్మల దగ్గర సరిచూసుకోవాలి. ఆ పని చేయడానికి మీ ఊళ్లోనే కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. మానవశాస్త్రం, సమాజశాస్త్రం, విద్యాశాస్త్రం విభాగాలు అక్కడున్నాయి. ఆ విద్యార్థుల్లో ఈ భాషలు ఇంట్లో మాట్లాడేవాళ్లు ఉంటారు. వాళ్లను అడగండి.

హాస్టళ్ల గురించి ఇంకొంచెం చెప్పాలి, నా మనసు ఎక్కువగా అక్కడే ఉంది. చిన్న పిల్లలు దిగులును దిగులని చెప్పరు. కడుపునొప్పి అంటారు, తలనొప్పి అంటారు, రాత్రి పక్క తడుపుతారు, అన్నం వదిలేస్తారు. చాలామందిని స్కానింగులూ గ్యాస్ మాత్రలూ అన్నీ అయ్యాకే నా దగ్గరికి తీసుకొస్తారు. హాస్టల్లో ఒక అమ్మాయి కళ్లు తిరిగి పడిపోతుంది, మర్నాడు ఇంకో నలుగురు పడిపోతారు. అన్నంలో ఏదో కలిసిందని ఒకరంటారు, దయ్యమని ఇంకొకరంటారు. నీళ్లూ అన్నమూ పరీక్షకు పంపాలి, తప్పకుండా పంపాలి. దిసారిని పిలిచి పూజ చేయించుకుంటామని ఊరివాళ్లంటే నాకు అభ్యంతరం లేదు. నిజానికి దిసారి, గురుమాయి ఈ కొండల్లో జనం బాధ వినే మొదటి మనుషులు. వాళ్లతో తగవు పెట్టుకుంటే ఓడిపోయేది మనమే. మీ పూజ మీరు చేయండి, మా దగ్గరికీ పంపండి అని వాళ్లను కూర్చోబెట్టి చెప్పాలి. కానీ పడిపోయిన ఆ అమ్మాయిలను విడివిడిగా కూర్చోబెట్టి, ఈ నెలలో హాస్టల్లో ఏం జరిగింది, ఎవరంటే భయం, ఇంటికెళ్లి ఎన్నాళ్లయింది అని అడిగేవాళ్లు మాత్రం ఉండరు.

పుష్ పరబ్‌కో చైత్ర పరబ్‌కో ఇంటికెళ్లిన పిల్లల్లో కొందరు తిరిగి రారు. రిజిస్టరులో వరసగా ఎర్ర సున్నాలు పడతాయి, కొన్నాళ్లకు 'డ్రాపవుట్' అని రాస్తారు. నా దృష్టిలో ఆ రిజిస్టరే మన దగ్గర ఇప్పటికే ఉన్న మొదటి మానసిక ఆరోగ్య పరీక్ష. కొత్త కాగితం అక్కర్లేదు, అచ్చు ఖర్చు లేదు. పండగ తర్వాత వారం దాటినా రాని ప్రతి పిల్లవాడి ఇంటికీ ఒక మనిషి వెళ్లాలి. తిట్టి లాక్కురావడానికి కాదు, ఎందుకు రాలేదో వినడానికి.

వినడం మొదలుపెడితే ఏం వినబడుతుందో కూడా ముందే తెలుసుకోవాలి. కొందరు పిల్లలు చెప్పే మాట దిగులు గురించి ఉండదు, ఒక పెద్దమనిషి చేసిన పని గురించి ఉంటుంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే అదే నేరం. ఎవరితోనూ చెప్పనని పిల్లకు మాటిచ్చి కూర్చున్న కౌన్సెలరు అప్పుడేం చేస్తారు? అందుకే మొదటి రోజే పిల్లలకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి: నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, నీ ప్రాణానికో ఒంటికో ఎవరైనా హాని చేస్తుంటే మాత్రం నిన్ను కాపాడటానికి ఇంకొకరికి చెప్పాలి, అది కూడా నీకు చెప్పే చేస్తాను. ఆ తర్వాత ఆ పిల్ల ఆ రాత్రి ఎక్కడ పడుకుంటుంది, పిల్లల సహాయ నంబరు 1098కి ఎవరు ఫోన్ చేస్తారు, కొరాపుట్‌కు ఎవరు తోడు వెళ్తారు, ఇవన్నీ ప్రశ్నాపత్రం పంచడానికి ముందే కాగితం మీద రాసి ఉండాలి. ఆ కాగితం మీద సంతకాలు కూడా ఉండాలి.

కాలనీ తల్లిదండ్రులతో కూడా ఒక మాట. ఇక్కడ పదో తరగతి కాగానే మీలో చాలామంది పిల్లలను విశాఖపట్నం రెసిడెన్షియల్ కాలేజీలకు పంపుతారు. పదిహేనేళ్ల పిల్లవాడికి అది కొత్త ఊరు, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా చదువు, మార్కులను బట్టి సెక్షన్లు, నెలకోసారి ఫోను. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత జరిగిన విద్యార్థుల ఆత్మహత్యలు తలచుకుంటే ఇప్పటికీ గుండె చెదురుతుంది. విశాఖలోనే 2023లో నీట్‌కు చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ కేసులోనే సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటి విద్యాసంస్థలకూ మార్గదర్శకాలిచ్చింది. నూరుమంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత గల కౌన్సెలరో సైకాలజిస్టో సామాజిక కార్యకర్తో ఒకరైనా ఉండాలి. చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి పిల్లలను వేరుచేయడం, నలుగురిలో చిన్నబుచ్చడం మానాలి. చట్టం వచ్చేదాకా ఇవి అందరికీ కట్టుబాటే.

కాబట్టి అడ్మిషన్ రోజున ఫీజు గురించీ ర్యాంకుల గురించీ అడిగినట్టే, మీ కౌన్సెలర్ ఎవరు, ఒకసారి కలవొచ్చా అని అడగండి. గోడ మీద పేరు చూపిస్తే సరిపోదు, మనిషిని చూపించమనండి. ఇంట్లో ఉన్నప్పుడే పిల్లవాడితో ఒక మాట కూడా చెప్పి పంపండి: నచ్చకపోతే ఇంటికి వచ్చెయ్, ఏడాది పోతే పోనీ. ఈ మాట పిల్లవాడి చెవిన పడాలి. మనసులో అనుకుంటే అతనికి తెలియదు.

ఇక మీ ప్రతిపాదన సంగతి. నేను అడిగేది ఇది. సునాబెడ, సిమిలిగుడ పరిసరాల్లో దగ్గరదగ్గరగా ఉన్న నాలుగైదు బడులను ఒక గుంపుగా తీసుకోండి. హాస్టల్ ఉన్న ఆడపిల్లల బడి ఒకటి అందులో ఉండి తీరాలి. ఆ గుంపు మొత్తానికి పూర్తికాలం పనిచేసే ఇద్దరిని పెట్టండి, ఒకరు ఆడమనిషి కావాలి. డిగ్రీ చదివి, దేశియా బాగా మాట్లాడగలిగి, వీలైతే కువి కూడా వచ్చిన ఇక్కడి పిల్లలే మేలు. కొరాపుట్ వైద్య కళాశాల మనోవైద్య విభాగం వాళ్లకు శిక్షణ ఇవ్వాలి, నెలకోసారి వాళ్లు చూసిన పిల్లల గురించి కూర్చుని చర్చించాలి. ఆ విభాగాన్ని నేను అడుగుతాను, ఆ బాధ్యత నాది. ఒంటరిగా వదిలేస్తే ఎంత మంచి కౌన్సెలరైనా ఏడాదిలో అలసిపోతారు.

ప్రతి బడిలో తలుపున్న ఒక గది కావాలి. హెడ్‌మాస్టారి గది పక్కన వద్దు. ఆ గదికి బోర్డు వద్దు. ఆటవస్తువులూ బొమ్మల పుస్తకాలూ కూడా అక్కడే ఉంటే ఎవరు ఎందుకు లోపలికెళ్లారో ఎవరికీ తెలియదు.

మొదటి ఏడాది ప్రశ్నాపత్రం వద్దు. రిజిస్టరు చూడటం, కష్టాలు రాసి వేసే పెట్టె తెరవడం, సాయంత్రం పిల్లలతో ఆడటం, రాని పిల్లల ఇళ్లకు వెళ్లడం, మాస్టార్లను ప్రతి నెలా తరగతిలో అందరికంటే తక్కువ మాట్లాడే పిల్లలెవరని అడగడం, ఇవి చాలు. రెండో ఏడాది ఎనిమిది, తొమ్మిది తరగతులతో మొదలుపెడదాం, ఒక్కొక్క తరగతిగా. తల్లిదండ్రులకు వాళ్ల భాషలో చెప్పి, ఒప్పుకున్నవాళ్ల పిల్లలనే అడుగుదాం, పిల్లవాడు వద్దంటే అతన్నీ వదిలేద్దాం. పేరు తేలిన ప్రతి పిల్లతోనూ వారంలోగా మాట్లాడాలి. చావాలని ఉందన్న సూచన ఉంటే ఆ రోజే, సూర్యాస్తమయం లోపే. మాట్లాడాల్సినవాళ్ల వరస పదిహేను రోజులు దాటి పెరిగితే కొత్త తరగతికి కాగితాలు పంచడం ఆపేయాలి, ఎవరు ఒత్తిడి చేసినా సరే. కాగితాలు కౌన్సెలర్ల దగ్గర తాళం కింద ఉంటాయి. హెడ్‌మాస్టారికీ, కార్యవర్గానికీ, నాకూ అంకెలు మాత్రమే వస్తాయి. టీసీ మీద ఒక్క అక్షరం పడకూడదు.

దీనికి డబ్బు కావాలని నాకు తెలుసు. ఈ స్మారక నిధి వడ్డీ ఏటా ఒక ఉపన్యాసానికీ, ఒక శాలువాకీ, బహుమతులకీ ఖర్చవుతోందని విన్నాను. వచ్చే మూడేళ్లు శాలువా మానేయండి, ఉపన్యాసం కూడా మానేస్తే నాకు బాధ లేదు. అది రెండు జీతాలకు చాలదు, కానీ మొదటి మనిషి శిక్షణకూ కొన్ని నెలల జీతానికీ సరిపోతుంది. మిగతాదానికి ఫ్యాక్టరీలనూ జిల్లా యంత్రాంగాన్నీ సామాజిక బాధ్యత నిధుల కోసం కలిసి అడుగుదాం. ఏడాది పని చూపించి అడిగితే ఇస్తారు. ఉద్యోగ ప్రకటన ముసాయిదా నేను రాసుకొచ్చాను, ఒడియాలోకి మార్చేవాళ్లు కావాలి. అందులో విద్యార్హతల కంటే ముందు వరసలో దేశియా మాట్లాడగలగాలి అని పెట్టాను, దాన్ని కిందికి దించవద్దు. సభ అయ్యాక కార్యవర్గం ఉంటే ఈ రాత్రే కూర్చుందాం. నా బస్సు రేపు పొద్దున్నే.